ఇంటి పాటలు, చేతి పాటలు

రేడియో ఒక్కటే ఉన్న రోజులలో పాట తన వేళకు తాను వచ్చెడిది. ఆ వేళకు ఇంటిల్లిపాదియు పెట్టె దగ్గర చేరెడివారు. ఇప్పుడు చాల ఇండ్లలో రేడియోతో బాటు రెండు మూడు ఫోనులు, కొన్ని ఇండ్లలో ఒక కంప్యూటరు కూడ ఉన్నవి. పాట వేళకు కట్టుబడి యుండుట మానినది. కాని అది ఎక్కడ ఉన్నదో తెలియని చిక్కు ఒకటి కొత్తగా ఏర్పడినది. కొన్ని పాటలు కంప్యూటరులో, కొన్ని తండ్రి ఫోనులో, కొన్ని కొడుకు ఫోనులో, కొన్ని పెన్‌డ్రైవులో, మరికొన్ని బంధువులు వాట్సాప్‌లో పంపిన వానిలో ఉండును. ఒకే పాట ఐదు చోట్ల ఐదు పేర్లతో కనబడును. కావలసిన పాట మాత్రము కావలసినప్పుడు దొరకదు.

ఈ పాటలన్నిటిని కంప్యూటరులో ఒక్కచోట చేర్చి, పేర్లు సరిదిద్ది, అందులో కోరినవానిని ఫోనునకు పంపి, ఇక్కడ చేసిన మార్పు అక్కడ కూడ కనబడునట్లు చేయు సాఫ్ట్‌వేరులు అనేకము కలవు. వానిలో ఏది మంచిది అని అందరును అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును, ఈ ప్రసంగములో చెప్పుదము కూడ. అయితే దానికంటె ముందు వేసుకొనవలసిన ప్రశ్న మరియొకటి ఉన్నది. కంప్యూటరు, ఫోను అను ఈ రెండింటిలో పాటలకు అసలు ఇల్లు ఏది? ఈ సంగతి తేల్చుకొనని వారికి ఎంత మంచి సాఫ్ట్‌వేరు దొరకినను ఒకనాటికి నష్టము తప్పదు.

పలాస, టెక్కలి, ఉద్దానం తీరము వారికి ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విషయము కాదు. ఈ తీరపు పల్లెలనుండి మత్స్యకారులు ఏటేట గుజరాతులోని వేరావల్ రేవునకు పోయి మరపడవలలో పనిచేయుదురు. పడవ తీరము వదలి కొంత దూరము పోగానే ఫోనులో సిగ్నలు ఉండదు. అటుపిమ్మట ఫోనులో దాచుకొన్న పాటయే పాట. ఇంటర్నెట్టు మీద ఆధారపడిన పాటల దుకాణములన్నియు అక్కడ మూతబడినట్లే.

ఇక ఉద్దానమును పీడించుచున్న మూత్రపిండముల వ్యాధి సంగతి ఎల్లరు ఎరిగినదే. ఆ వ్యాధి ముదిరినవారు డయాలసిస్ చేయించుకొనుటకు పలాస వంటి ఊళ్లలోని కేంద్రములకు వారమునకు రెండు మూడు పర్యాయములు పోవుచుందురు. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. డయాలసిస్‌కు ఒక్కొక్క మారు సుమారు 4 గంటలు పరుండి యుండవలెను. సూదులు గ్రుచ్చిన చేతిని కదల్చరాదు. మిగిలిన ఒంటి చేతితో ఫోను పట్టుకొని పాటకొరకు వెదకుట ఎంత విసుగో చెప్పనక్కరలేదు. 4 నిమిషముల పాటలు 60 చేర్చినచో సరిగా 4 గంటలగును. ముందునాటి రాత్రి ఇంటివారు ఆ 60 పాటలను వరుసగా కూర్చి ఫోనులో పెట్టి పంపినచో, రోగి ఒక్కమారు మీట నొక్కిన చాలును.

మూడవది తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. అప్పుడు గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచినది. ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. అనేక గ్రామములలో దినముల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోను సిగ్నలు లేదు. అట్టి సమయమున పాటకంటె ముందు కావలసినవి అనేకము ఉండును, నిజమే. కాని ఇంటర్నెట్టు లేకున్నను మన వస్తువు మన చేతికి అందునా, లేదా అను పరీక్షకు ఈ తీరమున అంతకు మించిన సందర్భము లేదు.

ఇప్పుడు మా కుటుంబములోనే జరిగిన ఒక సంగతి చెప్పెదను. మా పెద్దక్కగారి అత్తగారు టెక్కలిలో ఉండెడివారు. ఆమెకు పెండ్లిపాటలు, జోలపాటలు, నలుగుపాటలు చాల వచ్చును. ఎప్పుడో రెండు క్యాసెట్లలో పాడించి దాచిరి. ఆమె పోయిన తరువాత మా బావగారు ఆ క్యాసెట్లను కంప్యూటరునకు ఎక్కించిరి. మొత్తము 23 పాటలు. మా మేనల్లుడు ఉత్సాహవంతుడు. ఒక సాఫ్ట్‌వేరును తెచ్చి కంప్యూటరునకు, తన ఫోనునకు సంధానము చేసినాడు. నాయనమ్మ పాటలు తన ఫోనులోనికి కూడ వచ్చినవని అందరికి వినిపించినాడు. కొన్ని నెలలకు ఫోనులో చోటు చాలక, వినని ఫోల్డరులు కొన్ని తీసివేసినాడు. అందులో ఇదియు ఒకటి. కంప్యూటరులో ఉన్నవి గదా అని అతని ధైర్యము. పండుగకు ఇంటికి వచ్చినాడు, ఫోను ఇంటి వైఫైలో కలిసినది. ఎవరికిని ఏమియు తెలియలేదు. సంవత్సరీకము నాడు ఆ పాటలు పెట్టుదమని మా బావగారు కంప్యూటరు తెరచిరి. ఫోల్డరు ఖాళీగా ఉన్నది. కంప్యూటరులోని చెత్తబుట్టలో కూడ లేవు.

మా మేనల్లుడు నాకు ఫోను చేసి అడిగిన మాట ఇది: “మావయ్యా, నేను నా ఫోనులోవే తీసేశాను కదా. ఇంట్లోవి ఎలా పోయాయి?”

ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినవారికి ఈ విషయములో సగము తెలిసినట్లే. ఆ సాఫ్ట్‌వేరు పేరు ఇక్కడ అనవసరము. అది తనకు చెప్పిన పని చెప్పినట్లు చేసినది.

రెండు యంత్రములలోని సరకు ఒక్క తీరున ఉండునట్లు చూచుటను ‘సింక్’ అందురు. పలాస జీడిపప్పు వర్తకుని ఉదాహరణగా తీసికొందము. కొట్టులో ఒక ఖాతా పుస్తకము ఉన్నది. గిడ్డంగిలో దాని నకలు ఉన్నది. కొట్టులో వ్రాసినదెల్ల సాయంకాలమునకు గిడ్డంగి పుస్తకములోనికి ఎక్కవలెను, గిడ్డంగిలో ఎవరేమి గీసినను కొట్టు పుస్తకము మారరాదు అనునది ఒక పద్ధతి. ఇది ఏకముఖ సింక్. ఏ పుస్తకములో ఏది చేర్చినను రెండవదానిలో చేరవలెను, ఏ పుస్తకములో ఏది కొట్టివేసినను రెండవదానిలో కూడ కొట్టివేయవలెను అనునది మరియొక పద్ధతి. ఇది ద్విముఖ సింక్. ఈ రెండవ పద్ధతిలో అసలు, నకలు అను భేదము లేదు. గిడ్డంగి గుమస్తా పొరపాటున ఒక పద్దు కొట్టివేసినచో కొట్టులోని పద్దు కూడ మాయమగును. టెక్కలిలో జరిగినది ఇదే. సాఫ్ట్‌వేరు దృష్టిలో తొలగించుట కూడ ఒక మార్పే. మార్పును రెండవ చోటికి మోసుకొనిపోవుటయే దానికి అప్పగించిన పని.

కనుక మొదటి నియమము ఇది. ఇంటి కంప్యూటరే పాటలకు అసలు ఇల్లు కావలెను. పాటలు అక్కడనుండి ఫోనునకు పోవలెను. ఫోనులో ఎన్ని తీసివేసినను కంప్యూటరులోనివి చెక్కు చెదరరాదు. ఆకాశవాణి కేంద్రములలో గ్రామఫోను రికార్డుల గదికి ఇటువంటి ఏర్పాటే ఉండెడిది. ప్రతి రికార్డునకు ఒక సంఖ్య, పుస్తకములో ఒక పద్దు ఉండును. స్టూడియోకు పోయిన రికార్డు అక్కడ పగిలినచో పగిలినదని వ్రాయుదురే గాని, ఆ పద్దునే చెరిపివేయరు.

రెండవ నియమము. సింక్ వేరు, భద్రప్రతి వేరు. వాడుకలో బ్యాకప్పు అనునదే ఈ భద్రప్రతి. సింక్ ఈనాటి స్థితిని రెండవ చోట చూపును. భద్రప్రతి నిన్నటి స్థితిని దాచి ఉంచును. ఈనాడు తప్పు జరిగినప్పుడు మనకు కావలసినది నిన్నటిదే. ఫోనులో కూడ ఉన్నవి గదా అని భద్రప్రతి తీసికొనక ఊరకుండుట ఈ రోజులలో అనేకులు చేయు పొరపాటు.

ఈ రెండు నియమములను మనస్సున నుంచుకొని, సాఫ్ట్‌వేరు జోలికి పోకముందే మన సరకు ఎంతయో లెక్క చూచుకొనవలెను. ఎంపీ3 పాటలో సెకనునకు 128 కిలోబిట్లు వాడినచో నిమిషమునకు దాదాపు 1 మెగాబైటు పట్టును. 320 కిలోబిట్లు వాడినచో నిమిషమునకు 2.4 మెగాబైట్లు. అనగా 4 నిమిషముల పాటలు 1000 ఉన్నచో మొదటి లెక్కన సుమారు 4 గిగాబైట్లు, రెండవ లెక్కన సుమారు 10 గిగాబైట్లు. కాంపాక్టు డిస్కులోని ధ్వనిని ఉన్నదున్నట్లు దాచిన నిమిషమునకు 10 మెగాబైట్లు దాటును. ఫ్లాక్ అను పద్ధతి ఆ ధ్వనిలో ఏమియు కోల్పోకుండ దానిని ఇంచుమించు సగమునకు కుదించును. కంప్యూటరులో చోటు ఉన్నది గనుక అక్కడ ఫ్లాకులో ఉంచుకొని, ఫోనునకు పంపునప్పుడు ఎంపీ3గా మార్చి పంపుట మంచి పద్ధతి. ఈ మార్పును తనంతట తానే చేసి పంపు సాఫ్ట్‌వేరులు కలవు. అది ఒక గొప్ప సౌకర్యము.

లెక్క తరువాత పేర్లు. మన తెలుగు పాటలకు అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. పాట ఫైలు లోపల దాని పేరు, గాయకుని పేరు, చిత్రము పేరు వ్రాసి ఉంచు చీటీ ఒకటి ఉండును. దానిని ట్యాగు అందురు. ఎంపీ3 ఫైలులకు 1996లో ఏర్పడిన తొలి ట్యాగు పద్ధతిలో మొత్తము చీటీకి 128 బైట్లు, పాట పేరునకు 30 బైట్లు మాత్రమే ఇచ్చిరి. ఆంగ్లములో ఒక అక్షరమునకు 1 బైటు చాలును. నేడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమునకు గాని, గుణింతపు గుర్తునకు గాని ఒక్కొక్కదానికి 3 బైట్లు పట్టును. ‘పాతాళభైరవి’ అని వ్రాయుటకు 10 గుర్తులు, అనగా సరిగా 30 బైట్లు కావలెను. దానికి మించిన పేరు ఆ చీటీలో పట్టదు. అంతేకాక ఆ తొలి పద్ధతి తెలుగు లిపిని ఎరుగనే ఎరుగదు. 1998లో వచ్చిన రెండవ పద్ధతిలో చోటు విస్తరించినది, యూనికోడు ద్వారా తెలుగు వ్రాయుటకు వీలు కలిగినది. మన ఫోనులో తెలుగు పేరునకు బదులు ప్రశ్నార్థకములు కనబడినచో, పాట చెడిపోయినదని భయపడనక్కరలేదు. చీటీని కొత్త పద్ధతిలో తిరిగి వ్రాసిన చాలును. ఈ పనికే ఎంపీ3ట్యాగ్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అను సాఫ్ట్‌వేరులు ఉన్నవి.

రెండవ చిక్కు గడులను గూర్చినది. ఈ సాఫ్ట్‌వేరులు పాశ్చాత్య దేశములలో పుట్టినవి. అక్కడ ఒక గాయకుడు, అతని ఆల్బము అనునది సామాన్యమైన ఏర్పాటు. మన చిత్రగీతములకు ఆ ఏర్పాటు నప్పదు. 1957 నాటి ‘మాయాబజార్’ను తీసికొందము. ఘంటసాల, పి. లీల, పి. సుశీల, మాధవపెద్ది సత్యం మున్నగువారు అందులో పాడిరి. పాటలు పింగళి నాగేంద్రరావు గారివి. ఆల్బము ఆర్టిస్టు అను గడిని ఖాళీగా వదలినచో, కొన్ని ఫోనులు ఆ ఒక్క చిత్రమును గాయకులవారీగా ముక్కలు చేసి చూపును. అందుచేత ఆల్బము గడిలో చిత్రము పేరు, ఆర్టిస్టు గడిలో ఆ పాట పాడినవారు, కంపోజరు గడిలో సంగీత దర్శకుడు, లిరిసిస్టు గడిలో రచయిత, ఆల్బము ఆర్టిస్టు గడిలో చిత్రమంతటికి ఒకే పేరు వ్రాయవలెను. సంగీత దర్శకుని పేరు అక్కడ వ్రాయుట వీలుగా ఉండును. ఇంకొక మాట. ఘంటసాల గారి పేరు ఆంగ్ల లిపిలో మూడు నాలుగు విధములుగా కనబడును. పొడి అక్షరము ముందు ఒకటి, వెనుక ఒకటి. యంత్రము దృష్టిలో వారు నలుగురు వేర్వేరు గాయకులు. ఏదో ఒక రూపమును నిర్ణయించుకొని అంతటను అదే వ్రాయవలెను. తెలుగు లిపిలో వ్రాసినచో ఈ బాధ చాలవరకు తీరును.

సాఫ్ట్‌వేరును ఎన్నుకొనునప్పుడు ఇక్కడ అడుగవలసిన ప్రశ్న ఇది: మనము సరిదిద్దిన పేర్లను ఇది ఫైలు లోపలనే వ్రాయునా, లేక తన సొంత పుస్తకములో మాత్రమే వ్రాసికొనునా? సొంత పుస్తకములో మాత్రమే వ్రాసికొనునదైనచో, దానిని వదలిన నాడు మన శ్రమ అంతయు దానితోనే పోవును. ఫైలు లోపల వ్రాసినది ఫైలుతో బాటు ఎక్కడికైనను పోవును.

ఇప్పుడు సాఫ్ట్‌వేరుల సంగతి. విండోస్ కంప్యూటరు, ఆండ్రాయిడు ఫోను ఉన్న ఇంటికి రెండు మార్గములు బాగుండును. మొదటిది మ్యూజిక్‌బీ. ఇది ఉచితము, విండోస్ కంప్యూటరులలో మాత్రమే పనిచేయును. ఫోనును కేబులుతో తగిలించి, ఫోను తెర మీద ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అని ఎంచుకొనవలెను. అట్లు ఎంచుకొననిదే ఫోను ఛార్జి అగునే గాని కంప్యూటరులో కనబడదు. అనేకులు ఇక్కడనే ఆగిపోయి కేబులును తిట్టుదురు. కనబడిన తరువాత ఏ ప్లేలిస్టులు, ఏ చిత్రములు పోవలెనో గుర్తు పెట్టినచో అవి పోవును. ఫ్లాకును ఎంపీ3గా మార్చి పంపు ఏర్పాటు ఇందులో ఉన్నది. ఇంటర్నెట్టుతో పని లేదు.

రెండవది మీడియామంకీ. దీనికి కంప్యూటరులో ఒక రూపము, ఆండ్రాయిడు ఫోనులో ఒక రూపము ఉన్నవి. రెండును ఒకదానినొకటి గుర్తించును. కేబులు లేకుండ ఇంటి వైఫై మీదుగ కూడ పాటలు పోవును. ఫోనులో ఏ పాట ఎన్ని మారులు విన్నదియు, దేనికి ఎన్ని నక్షత్రములు ఇచ్చినదియు తిరిగి కంప్యూటరునకు తెలియును. కొన్ని సౌకర్యములకు సొమ్ము చెల్లించవలెను. పాటల సంఖ్య వేలలో ఉండి, వాడువారు ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంటికి ఇది తగును. తొలగింపునకు సంబంధించిన అమరికలను మాత్రము మొదటి దినముననే తెరచి చదువవలెను.

ఐఫోను ఉన్నవారికి దారి ఇంచుమించు ఒక్కటే. యాపిల్ సంస్థ 2001లో తెచ్చిన ఐట్యూన్స్‌ను 2019లో మ్యాక్ కంప్యూటరులలో విడదీసి, పాటలకు మ్యూజిక్ అను సాఫ్ట్‌వేరును ఉంచినది. ఫోనునకు పంపు పని ఫైండరునకు అప్పగించినది. ఇక్కడ మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. ఒక ఐఫోను పాటల విషయమున ఒక సమయమున ఒక కంప్యూటరు భాండాగారమునకే కట్టుబడి యుండును. మరియొక కంప్యూటరునకు తగిలించి సింక్ చేసినచో మొదట పంపిన పాటలు ఫోనునుండి తుడిచివేయబడును. క్లౌడు ద్వారా సింక్ చేయు అమరిక తెరచి ఉన్నచో కేబులు ద్వారా పాటలు పంపుట కుదరదు. ఫ్లాక్ ఫైలులను ఇది తన భాండాగారములో చేర్చుకొనదు గనుక వానిని మార్చుకొనవలెను. ఈ కట్టుబాట్లు నచ్చనివారు వీఎల్‌సీని ఐఫోనులో పెట్టుకొని, ఇంటి వైఫై మీదుగ కంప్యూటరు బ్రౌజరునుండి ఫైలులను నేరుగా పంపుకొనవచ్చును.

నాల్గవది సింక్‌థింగ్. ఇది పాటల సాఫ్ట్‌వేరు కాదు. ఏ ఫోల్డరునైనను రెండు యంత్రముల నడుమ సరిసమానముగ ఉంచును. ఉచితము. మధ్యలో ఏ సంస్థ గిడ్డంగియు లేదు. ఇంటి వైఫై ఉన్న చాలును, బయటి ఇంటర్నెట్టు అక్కరలేదు. మొదటి అమరికలో ఇది ద్విముఖము. కాని కంప్యూటరులోని ఫోల్డరును ‘పంపుట మాత్రమే’ అను రకమునకు మార్చినచో, ఫోనులోని తొలగింపు కంప్యూటరును తాకదు. ఫోనునుండి ఏమైన రావలసిన ఫోల్డరునకు పాత ప్రతులను దాచి ఉంచు ఏర్పాటు కూడ ఉన్నది. దీని అసలు ఆండ్రాయిడు రూపమును కర్తలు 2024 డిసెంబరులో నిలిపివేసిరి. ఇతరులు చేపట్టిన శాఖారూపము వాడుకలో ఉన్నది.

ఈ చివరి సంగతి అన్ని సాఫ్ట్‌వేరులకు వర్తించు పాఠము. సాఫ్ట్‌వేరునకు కూడ ఆయువు ఉన్నది. గూగుల్ ప్లే మ్యూజిక్ అను సేవ ఒకప్పుడు మన సొంత పాటలను 50,000 వరకు ఉచితముగ దాచిపెట్టెడిది. 2020లో అది మూతబడినది. పాటలను మరియొక సేవకు మార్చుకొనుటకు గడువు ఇచ్చిరి. ఆ గడువు సంగతి పట్టించుకొననివారు నష్టపోయిరి. నెలసరి చందాకు పాటలు వినిపించు సేవల విషయము అందరికి తెలిసినదే. అందులో దిగుమతి చేసికొన్న పాట కూడ చందా ఉన్నంతవరకే వినబడును. అది అద్దె ఇల్లు. అద్దె ఇంటిలో ఉండుట తప్పు కాదు, కాని దానిని సొంత ఇల్లని భ్రమపడరాదు.

ప్లేలిస్టును గూర్చి ఒక చిన్న హెచ్చరిక. ప్లేలిస్టులో పాట ఉండదు, పాట చిరునామా మాత్రమే ఉండును. కంప్యూటరులో ‘డి’ డ్రైవులో సంగీతము అను ఫోల్డరులో ఫలాన పాట అని వ్రాసిన చిరునామా ఫోనులో చెల్లదు, అక్కడ ‘డి’ డ్రైవు అనునదే లేదు. చిరునామాను ఫోనునకు తగినట్లు మార్చి పంపు సాఫ్ట్‌వేరునే ఎన్నుకొనవలెను. డయాలసిస్‌కు పోవువారి కొరకు కూర్చిన వరుస అక్కడ తెరచినప్పుడు ఖాళీగా కనబడకుండవలెనన్న ఈ ఒక్క సంగతి ఇంటిలోనే సరిచూచుకొనవలెను.

ఇన్ని చదివిన తరువాత కూడ ఏది మన ఇంటికి తగునో తేలనిచో, పది పాటలతో పరీక్ష చేయుడు. వేయి పాటలను ఒక్కమారు అప్పగింపవద్దు. ఒక కొత్త ఫోల్డరులో పది పాటల నకళ్లు ఉంచుడు. అందులో ఒకటి తెలుగు లిపిలో పొడవైన పేరు గలది, ఒకటి ఫ్లాకులో ఉన్నది, ఒకటి చిత్రము పేరు లేని ఇంటి పాట కావలెను. వానిని ఫోనునకు పంపుడు. ఫోనును ఏరోప్లేను మోడులో పెట్టి పది పాటలును వినబడుచున్నవా చూడుడు. వేరావల్ పడవలో ఫోను ఉండు స్థితి అదే. తరువాత కంప్యూటరులో ఒక పాట పేరు మార్చి, ఫోనులో మారినదా చూడుడు. తరువాత ఫోనులో ఒక పాటను తీసివేసి, మరల సింక్ చేసి, కంప్యూటరులో అది ఉన్నదా పోయినదా చూడుడు. ఈ ఒక్క పరీక్ష చేసియుండినచో మా బావగారి ఇంటిలో నష్టము జరిగియుండెడిది కాదు. చిట్టచివర ఆ సాఫ్ట్‌వేరునే కంప్యూటరునుండి తీసివేసి, ఫోల్డరులో పాటలు, పేర్లు యథాతథముగ ఉన్నవా పరిశీలింపుడు. ఉన్నచో అది నమ్మదగినది. ఈ పరీక్షలన్నిటికి ఒక సాయంకాలము చాలును.

భద్రప్రతిని గూర్చి చెప్పక ముగించుట సరికాదు. కంప్యూటరులోని ఫోల్డరును నెలకొకమారు బయటి హార్డుడిస్కులోనికి నకలు తీసి, డిస్కును విప్పి పెట్టెలో ఉంచవలెను. ఎల్లప్పుడు తగిలించి ఉంచిన డిస్కు భద్రప్రతి కాదు. కంప్యూటరునకు వచ్చిన ఆపద దానికిని వచ్చును. సముద్రపు ఉప్పుగాలి లోహమును తినును గనుక తీరపు ఊళ్లలో దానిని గాలి చొరని డబ్బాలో ఉంచి, ఆరు మాసములకొకమారు తెరచి చూచుట మేలు. మరియొక నకలు వేరొక ఊరిలోని బంధువుల ఇంట ఉండవలెను. తుఫాను వచ్చినప్పుడు ఒకే ఇంటిలోని రెండు నకళ్లు ఒక్కటే లెక్క.

అంగడిలో దొరకు సినిమా పాట పోయినచో మరల దొరకును. ఇంటిలో పాడినది, ఊరిలో పాడినది పోయినచో దొరకదు. శ్రీకాకుళం సీమలో జముకుల కథ, తప్పెటగుళ్లు, తూర్పు భాగవతము క్యాసెట్లలో పట్టి దాచుకొన్న ఇండ్లు ఇంకను ఉన్నవి. క్యాసెట్టు టేపు తేమకు బూజుపట్టును, జిగురుపట్టి అంటుకొనును. టేప్‌రికార్డరు ఇయర్‌ఫోను రంధ్రమునుండి ఒక తీగను కంప్యూటరునకు కలిపి, ఆడాసిటీ అను ఉచిత సాఫ్ట్‌వేరుతో ఎక్కించుకొనవచ్చును. తొలి ప్రతిని ఫ్లాకులో దాచి, ఫోనునకు ఎంపీ3 పంపవలెను. ఎవరు పాడిరి, ఏ ఊరు, ఏ సంవత్సరము, ఏ సందర్భము అను నాలుగు మాటలను చీటీలో ఆనాడే వ్రాయవలెను. తెలిసినవారు ఉండగానే వ్రాయవలసిన సంగతులు ఇవి.

టెక్కలి పాటల సంగతి. మా మేనల్లుడు పాత ఫోనులోని మెమరీ కార్డును వెదకి తీసినాడు. అందులో 9 పాటలు దొరకినవి. రెండు క్యాసెట్లలో ఒకటి మిగిలి యున్నది, దానినుండి మరల ఎక్కించగా మరి 5 వచ్చినవి. 23లో 14 మిగిలినవి. ఇప్పుడు అవి కంప్యూటరులో ఒక ప్రతి, పెట్టెలో ఒక ప్రతి, విశాఖపట్నములో మా ఇంట ఒక ప్రతి ఉన్నవి. ఫోనులో కూడ ఉన్నవి. ఈ మారు ఫోనులో ఎవరు తీసివేసినను ఇంటిలోనివి కదలవు. మిగిలిన 9 పాటల మొదటి చరణములు మా అక్కగారికి జ్ఞాపకము ఉన్నవి. వచ్చే సెలవులలో ఆమెచేత పాడించి పట్టవలెనని మా మేనల్లుడు ఏర్పాటు చేయుచున్నాడు.